పాలల్లో ఉడికిన బోటి

మొన్న ఆదివారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు మా వీధి చివర మాంసం దుకాణంలో బోటి మీద కాగిన నీళ్లు పోశారు. వరుసలో నా ముందు ఇద్దరున్నారు. వాసన లేవగానే ఒకాయన చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. పచ్చి తోలు, తడిసిన గడ్డి, విరిగిన పాలు కలిస్తే వచ్చే వాసన అది. బోటి అంటే మేక పొట్ట, పేగులు. మహబూబ్‌నగర్‌లో ఆదివారం పొద్దున ఈ వాసన ఎవరికీ కొత్త కాదు. నాకు మాత్రం ఇది వస్తే బాలయ్య మాస్టర్ గుర్తుకొస్తారు. ఆయన పోయి మూడేళ్లవుతోంది. ఆయన్ను ఎరిగినవాళ్లు ఎలాగూ మరిచిపోరు. తెలియనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మాది నల్లగొండ పక్కన, పానగల్‌కు దగ్గరలోని ఊరు. నేత పని చేసే ఇల్లు. డిగ్రీ అయ్యేదాకా నేను బాపు మగ్గానికి నూలు కండెలు చుట్టాను. ఆ పని మీద నాకు చిన్నచూపు లేదు, కానీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని బతుకంతా గడపడం నావల్ల కాదని పదిహేనేళ్లకే తెలుసు. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, మహబూబ్‌నగర్‌లో హోటల్ వంట నేర్పే చిన్న శిక్షణ కేంద్రం ఉందని విని చేరతానన్నాను. బాపు మగ్గం ఆపి, "ఆర్నెల్లు చూస్త. గప్పటికి నౌకరి దొరకకుంటే వచ్చి నా పక్కన మగ్గం మీద కూసో. మళ్ల ఇంకోటి నేర్చుకుంట అనొద్దు," అన్నాడు. నేను ఒప్పుకున్నాను. అందుకే ఆ ఆర్నెల్లలో నాకు ప్రతి రోజూ లెక్కే.

అక్కడ వంట నేర్పేది బాలయ్య మాస్టర్. ఆయనది పాలమూరు జిల్లాలోనే ఒక పల్లె. చిన్నప్పుడు తల్లిదండ్రులు మట్టి పనికి బొంబాయి పోతే వెంట వెళ్లారు. అక్కడ ఓడరేవు క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే పని దొరికింది. అక్కణ్ణుంచి సరుకు ఓడల వంటగదిలోకి చేరి, ముప్పై ఏళ్లు సముద్రం మీద వండారు. ఆయన ఓడల్లో అధికారులు ఎక్కువమంది ఇంగ్లండువాళ్లు. వాళ్లకు వాళ్ల ఇళ్లల్లో వండే వంటలే కావాలి. ఆ వంటలన్నీ ఆయన అక్కడే నేర్చుకున్నారు. వయసు మీద పడ్డాక ఊరికి తిరిగొచ్చి ఈ కేంద్రంలో చేరారు. పొట్టి మనిషి, ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. ఓడ కబుర్లు చెప్పమని అడిగితే, "నీళ్లు. సుట్టూ నీళ్లు. ఇంకేమున్నది చెప్పనీకె," అనేవారు.

వారంలో ఐదు రోజులు కేంద్రంవాళ్లు ఇచ్చిన పాఠాలు నడిచేవి. శుక్రవారం మాత్రం ఆయన సొంత పాఠం. ఆ రోజు ఇంగ్లండులో తరతరాలుగా తింటున్న వంటలు, బయటివాళ్లు చూడగానే ముఖం తిప్పుకునేవి వండించేవారు. రక్తంలో ఓట్స్, కొవ్వు కలిపి పేగులో కూరి ఉడికించే బ్లాక్ పుడ్డింగ్. తలకాయ మాంసం ఉడికించి, దాని రసంతోనే ముద్దగా గడ్డకట్టించే బ్రాన్. మూత్రపిండాలు పెట్టి పిండిమూత వేసి కాల్చే 'పై' అనే వంట. పాములాంటి మలుగు చేపను ఉడికించి, పులుసు చల్లబడి, గడ్డకట్టి వణికేదాకా ఆగి తినే వంట ఒకటి ఉందని చెప్పేవారు. చేప దొరకలేదు కాబట్టి దాని నుంచి బతికిపోయాం. అన్నిటికంటే కష్టమైనది పాలల్లో బోటి. బోటిని తెల్లగా గీకి, ఉల్లిగడ్డలతో పాలల్లో గంటల తరబడి ఉడికించి, ఉప్పు, మిరియాల పొడి మాత్రమే వేయాలి. అక్కడ పెద్ద పశువుది వాడతారట, మేము మేకది వాడేవాళ్లం.

మొదటి శుక్రవారం బ్లాక్ పుడ్డింగ్ గిన్నె చూసి నేను పక్కకు జరిగాను. మాస్టర్ చూశారు.

"ఏం బిడ్డా, మూతి అట్ల పెట్టినవ్? మీ ఇంట్ల నల్ల వండరా?"

నల్ల అంటే గడ్డకట్టిన మేక రక్తం. మా ఇంట్లో పండగ నాడు అందరికంటే ముందు ప్లేటు పట్టుకునేది నేనే. "వండుతరు సార్," అన్నాను.

"మరి గది ఇది ఒకటే. వాళ్లు పేగుల పోసిన్రు, మీ అవ్వ పెనం మీద ఏసింది. వాళ్లది రోత, మీది రుచి ఎట్లయితది?"

క్లాసులో అందరూ నవ్వారు. నా పక్కన నిలబడే నరేశ్, భువనగిరి అబ్బాయి, "సార్, కారం లేకుంటే ఏదైనా రోతనే," అన్నాడు. మాస్టర్ కూడా నవ్వారు. "నువ్వు ఇంగ్లండు పోతే వాళ్లు ఓడెక్కి ఉరుకుతరు రా," అన్నారు.

ఇంకో శుక్రవారం నరేశ్ అసలు సంగతి అడిగాడు. "ఏ హోటల్ల అమ్ముతరు సార్ ఇవి? ఎందుకు నేర్చుకోవాలె?" మాస్టర్ కొంచెం ఆలోచించి ఓడ కబురు చెప్పారు. మాకు ఆయన చెప్పినది అదొక్కటే. ఒక ముసలి ఇంజనీరు ఏ వంట పెట్టినా సగం వదిలేసేవాడట. ఒకనాడు తన తల్లి పాలల్లో బోటి ఎలా వండేదో కాగితం మీద రాసిచ్చాడు. మాస్టర్ అలాగే వండి పెట్టారు. "మూడు పళ్లాలు తిన్నడు. ఉప్పు తక్కువైంది అన్నడు. గంతే. ఇంకో మాట లేదు. నాకు ఆ దినమే తెలిసింది, వంట అంటే నా నోటికి కాదు అని." తర్వాత గరిటె చూపించి అన్నారు: "ఇంకోటి గూడ ఉన్నది. బిర్యానిల తప్పు చేస్తే మసాల కింద దాసుకోవచ్చు. దీంట్ల దాసుకునే జాగ లేదు. గందుకే నేర్పిస్తున్న."

ఆయన వంటగదిలో ఒక పద్ధతి ఉండేది. వండినవాళ్లు పళ్లెం బల్ల మీద పెట్టి పక్కనే నిలబడాలి. ఎవరైనా చెంచా ముంచక ముందే, అందులో తప్పేముందో తామే చెప్పాలి. మాడింది, ఉప్పు ఎక్కువైంది, ముక్క ఉడకలేదు, ఏదైతే అది. తప్పేమీ లేదని చెప్పినవాళ్లను ఆయన నమ్మేవారు కాదు. అది విన్నాక మొదటి చెంచా ఆయనే తినేవారు. పాలల్లో బోటి అయినా సరే, ముఖంలో ఏ కదలికా లేకుండా నమిలి, మింగి, ఏం సరిచేయాలో చెప్పేవారు.

ఆరో నెలలో హైదరాబాద్ పెద్ద హోటల్ నుంచి ఒక చెఫ్ వచ్చాడు. ఒకరిని తీసుకుంటానన్నాడు. ఎవరేం వండాలో చీటీలు తీయించారు. నాకు పాలల్లో బోటి వచ్చింది. నేను భయపడలేదు. అప్పటికి ఆ వంట నాకంత బాగా ఇంకెవరికీ రాదు. బోటి కడిగాను, గీకాను, మళ్లీ కడిగాను, ఉల్లిగడ్డ తరిగి పాలు పోసి పొయ్యి మీద పెట్టాను. పాలు కాగుతుండగా అంచుల దగ్గర పసుపు రంగు కనిపించింది. కొద్ది సేపట్లో గిన్నె అంతా పచ్చగా అయింది. అప్పుడు నా చేతులు చూసుకున్నాను. గోళ్లన్నీ పచ్చగా ఉన్నాయి. బోటి కడగడమంటే మా ఇంట్లో పసుపు, ఉప్పు పట్టించి రుద్దడమే. అమ్మ అలాగే చేస్తుంది, అవ్వ అలాగే చేసేది. క్లాసులో ఆర్నెల్లు అది మానుకున్నాను. ఆ రోజు ధైర్యంగా ఉండడం వల్లనేమో, చేతులు వాటి దారిన అవి పోయాయి.

ఇంకో బోటి లేదు, టైమూ లేదు. పక్క పొయ్యి దగ్గరున్న నరేశ్ తొంగిచూశాడు.

"కుంకుమపువ్వు ఏసిన అని చెప్పు. హైదరాబాద్ సార్లకు కుంకుమపువ్వంటే ఇజ్జత్."

"వాసన తెలుస్తది."

"బోటి వాసనల ఏం తెలుస్తది? నీకు నౌకరి కావాల్నా, వద్దా?"

కావాలి. ఆ వారం దాటితే నేను మగ్గం గుంటలో కాళ్లు పెట్టాలి. పళ్లెం పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్లేదాకా ఏం చెప్పాలో నేను తేల్చుకోలేదు. పక్కన నిలబడ్డాను. చెఫ్ చెంచా తీసుకున్నాడు. మాస్టర్ నావైపు చూడనే లేదు, కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "ఇది తెల్లగా ఉండాలె సార్. అలవాటు కొద్ది పసుపు పెట్టి కడిగిన. నా తప్పు," అన్నాను.

చెఫ్ ఒక చెంచా తిని, బాగానే ఉడికిందని చెప్పి, పక్క పళ్లెం దగ్గరికి వెళ్లాడు. నరేశ్‌ను తీసుకున్నాడు. అందులో అన్యాయం లేదు, నరేశ్ వంట బాగుంది.

సాయంత్రం గిన్నెలు తోముతుంటే మాస్టర్ వచ్చారు. ఓదారుస్తారేమోనని నేను తల ఎత్తలేదు. "వచ్చే సోమవారం కొత్త పిల్లలొస్తున్నరు. నాకు సాయానికి ఒక మనిషిని పెట్టుకొమ్మని ఆఫీసుల చెప్పిన్రు. పొద్దున ఏడింటికి రా. బోటి కడుగుడు నువ్వే చూపియ్యాలె." తలుపు దాకా వెళ్లి ఆగారు. "పసుపు డబ్బ మాత్రం నా దగ్గరే ఉంటది."

బాపుకు ఫోన్ చేసి చెప్పాను. "ఇది నౌకరేనా, ఇంకో ఆర్నెల్ల నేర్చుకుడా?" అని అడిగాడు. నౌకరే అన్నాను. ఇప్పుడు ఆ వంటగదికి పెద్దదిక్కు నేనే.

మూడేళ్ల కిందట మాస్టర్ గుండె ఆగి పోయారు. మూడో రోజు పిట్టకు పెట్టడానికి వాళ్ల ఊరు వెళ్లాను. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూడడం మా వైపు ఆచారం. నేను తెల్లవారక ముందే లేచి పాలల్లో బోటి వండి డబ్బాలో తీసుకెళ్లాను. చిటికెడు పసుపు కూడా తగలనివ్వలేదు. ఆయన భార్య లక్ష్మమ్మ మూత తీసి చూసింది.

"ఏంది బిడ్డా ఇది?"

"మాస్టర్‌కు ఇష్టం గద అమ్మా."

"నీకెవరు చెప్పిన్రు?"

"ప్రతి శుక్రవారం మాతోటి తినేటోరు."

మూడు రోజులుగా ఏడ్చిన ముఖంలో చిన్న నవ్వు వచ్చింది. "అక్కడ తినేటోడేమో. ఇంటికొచ్చి నిమ్మకాయ నాకేటోడు. ఓడ మీద ముప్పై ఏండ్లు గదే వాసన, ఇంట్ల ఎన్నడన్న పాలల్ల బోటి ఏస్తే ఇల్లు ఇడిసిపోత అనేటోడు. ఇది పెట్టినవంటే పిట్ట ముట్టదు గని, ఆయనే లేచి వస్తడు నిన్ను కొట్టనీకె."

డబ్బా మూత పెట్టి లోపల ఉంచాను. లక్ష్మమ్మ గోంగూర వేసి, కారం దట్టించి బోటి వండింది. ఉల్లిగడ్డలు నేను తరిగాను. అరగంట తర్వాత కాకి వచ్చి ఒక ముక్క ఎత్తుకుపోయింది.

తిరుగు బస్సులో ఆ శుక్రవారాలన్నీ తలుచుకున్నాను. ఆయనకు రోత అని మాకెవరికీ ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. ఉప్పు తగ్గిందని చెప్పినప్పుడు ఆయన తన నాలుక మాట చెప్పలేదు. ఎప్పుడో మూడు పళ్లాలు తిన్న ఆ ముసలి ఇంజనీరు నాలుకతో రుచి చూసి చెప్పేవారు. వంటలో నాకు వచ్చినదంతా ఆయన నేర్పినదే, కానీ ఇది మాత్రం ఆయన పోయాక తెలిసింది. ఇప్పుడు పిల్లలు ఏదైనా వండి, "మేడం, మీకు నచ్చిందా?" అని అడిగితే నేను జవాబు చెప్పను. తినబోయేవాళ్లెవరో అడుగుతాను. నాకు గిట్టనిది కూడా వాళ్ల ముందు మామూలుగా నమిలి మింగడం నాకు వచ్చింది. వండినవాళ్లు పళ్లెం పక్కన నిలబడి తప్పు చెప్పే పద్ధతి కూడా నడుస్తోంది.

కిందటేడు కేంద్రంవాళ్లు పాఠాలు మార్చారు. హోటళ్లు అడిగే వంటలు చేర్చారు, అడగనివి తీసేశారు. నేను వాదించలేదు, పిల్లలకు ఉద్యోగాలు కావాలి. శుక్రవారం ఇప్పుడు కేకులు, బిస్కెట్లు నేర్పుతున్నాం. పాలల్లో బోటి వండడం లేదు.