ఆయన బిగించిన నట్లు

ఈ మధ్యాహ్నం కోకాపేట సర్వీసు రోడ్డులో మా క్యారవాన్ ముందు టైరు పంక్చరైంది. పాత వ్యానులో మంచం, పొయ్యి అమర్చి దాన్ని ఇల్లులా మార్చింది మా ఆయనే. ఆయన పోయాక నేనొక్కదాన్నే బండి బయటికి తీయడం ఇదే మొదటిసారి.

దారిలో ఆగిన బళ్ళకు మెకానిక్‌ని పంపే కంపెనీకి ఫోన్ చేస్తే అక్కడి మనిషి, "ట్రాఫిక్ జామ్ ఉంది మేడం, జర లేటైతది. మీతోని ఇంకెవరన్న ఉన్నరా?" అని అడిగాడు.

"ఉన్నారండి" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు.

ఊరికే నిలబడలేక స్టెప్నీ దించి, నట్లకు స్పానర్ పెట్టాను. కదల్లేదు. మా ఆయన నట్లు బిగించాక స్పానర్ మీదెక్కి నిలబడేవారు. మళ్ళీ వాటిని విప్పేదెవరని నేను విసుక్కునేదాన్ని. చివరికి నేనూ ఎక్కి తొక్కితే ఒక్కొక్కటే కిర్రుమంటూ వదిలాయి. ఆఖరిది వదిలినప్పుడు వెనక నుంచి "మెల్లిగా" అన్నట్టు వినిపించి తిరిగి చూశాను. రోడ్డు మీద అద్దాల మేడల నీడ తప్ప ఎవరూ లేరు.

టైరు మార్చేశాను. మెచ్చుకోకండి. ఆయన చేత్తో బిగించిన చక్రాలు ఇక మూడే మిగిలాయి. వాటికి పంక్చర్ కాకుండా బండి నడిపే దారి మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.