లంచం లేని వార్డుకి ప్రయాణం

లంచమిచ్చానని ఒప్పుకునే మనిషి ఒక్కడు కావాలి. "నువ్వు రాసిందంతా వినికిడి. ఇచ్చినవాడి నోటిమాట లేకపోతే ఈ అధ్యాయం కొట్టేస్తాను" అని మా ప్రొఫెసరుగారు తేల్చి చెప్పేశారు. రాజకీయాల్లో అవినీతి మీద పరిశోధన అనగానే మా ఊళ్ళో తెలిసినవాళ్ళంతా మొహం చాటేశారు. అందుకని డెబ్భై ఎనిమిది మాఘమాసంలో, అచ్చువేయించిన ప్రశ్నపత్రాలు సంచిలో పెట్టుకుని, మావయ్య ఉండే జంషెడ్‌పూర్‌కి బయల్దేరాను.

మధ్యాహ్నం పన్నెండున్నరకి వాల్తేరులో హౌరా మెయిలు ఎక్కాను. రెండో తరగతిలో కిటికీ పక్క సీటు దొరకడం నా జాతకంలో లేని అదృష్టం. నాలుగున్నరకి పలాసలో అక్కడుండే పిన్ని మా రైలుపెట్టె గుమ్మం దగ్గరకొచ్చి, గుడ్డ చుట్టి కుట్టిన జీడిపప్పు డబ్బా ఒకటి చేతిలో పెట్టింది. "మావయ్యకిచ్చీ. ఉత్తరం రాసి మరీ అడిగినాడు. దార్లో తినీకు!" అంది.

చిలికా వచ్చేసరికి పొద్దు వాలింది. నీళ్ళెక్కడ ఆగుతున్నాయో ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. ఎదురుగా కూర్చున్న బరంపురం వ్యాపారి నా పనేమిటో అడిగి, విని, "లంచాల కోసం అంత దూరమెందుకండీ? మా ఊరు రండి, భోజనం కూడా పెడతాం" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, మళ్ళీ ఆ నీళ్ళలోకి వెళ్ళిపోయాను. ఎందుకు వెళుతున్నానో కూడా కాసేపు మరిచిపోయాను.

తెల్లవారుజామున ఖరగ్‌పూర్‌లో బండి మారాలి. ఈ దారిన వెళ్ళేవారికి ఒక మాట: టాటా పాసింజరు ఎక్కడ ఆగుతుందో పోర్టరుని అడిగాకే నడవండి. ఆ ప్లాట్‌ఫాం ఈ చివరినుంచి ఆ చివరికి నడిస్తే తాగిన టీ అరిగిపోతుంది. పొగమంచులో సాలవృక్షాలు ఒక్కొక్కటే కనబడి మాయమవుతూంటే, నిద్రో మెలకువో తెలియని స్థితిలో తొమ్మిదిన్నరకి టాటానగర్, అంటే జంషెడ్‌పూర్ స్టేషను, చేరాను.

మావయ్య అప్పలస్వామి మా అమ్మకి పెదనాన్న కొడుకు. అక్కడి యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. "ఏటల్లుడూ, సిక్కిపోనావు! డబ్బా తెచ్చినావా?" అన్నాడు. రెంటికీ మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు.

సాక్చి దాకా బస్సు, అక్కణ్ణుంచి భాలుబాసా మీదుగా భుయ్యాడీహ్‌కి రిక్షా. రెండు నెలల్లో మావయ్య రిటైరవుతాడు, రైల్వే క్వార్టరు వదిలెయ్యాలి. అందుకని సువర్ణరేఖ ఒడ్డున రెండు గదులు లేపాడు. పట్టా లేని ఆ స్థలంలో ఉండనివ్వాలంటే వార్డు నాయకుడి చీటీ కావాలి. అది లేని గోడలు కిందటేడు నాలుగు కూలగొట్టారట. అత్త అప్పటికే పొయ్యి వేసుకుని, తులసి మొక్క పాతేసుకుంది.

మన వైపునుంచి వలసొచ్చినవాళ్ళ పేట అది. రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగాను. 'ఏ పనికైనా లంచమిచ్చారా?' అన్నది నా మొదటి ప్రశ్న. ప్రతి ఇంట్లోనూ టీ ఇచ్చారు, ఒక ఇంట్లో పకోడీలు కూడా పెట్టారు. "నేదు బాబూ" అని తల్లి అంటే, "నహీ దియా భైయా" అని కూతురు హిందీలో ఖాయం చేసేది. అంత పుణ్యాత్ముల పేట భూమ్మీద మరొకటి ఉండదు. సాయంత్రాలు ఉక్కు కార్ఖానా కొలిమిల వెలుగు ఏటి మీద ఎర్రగా పరుచుకుంటే, ఖాళీ ప్రశ్నపత్రాలు ఒళ్ళో పెట్టుకుని గట్టున కూర్చునేవాణ్ణి. దిగులుగా ఉండేది, హాయిగానూ ఉండేది.

మూడోనాడు పొద్దున్నే మావయ్య ఇస్త్రీచొక్కా తొడిగి, "పద, లీడర్ని సూసొద్దాం. నీ పెశ్నలూ అడుక్కుందువు గాని" అన్నాడు. నాయకుడి ఇల్లు సిద్ధగోరాలో. గేటు దగ్గర మావయ్య జీడిపప్పు డబ్బా నా చేతిలో పెట్టేశాడు.

"ఇదేటి మావయ్యా?"

"ఒట్టిసేతుల్తో ఎలగెల్తాం? నువ్వే ఇయ్యి. సదువుకున్నోడి సేత్తో ఇత్తే మరేదగుంతాది."

"ఇది లంచం కదా!"

"లంచమేటీ? పెద్దోళ్ళని సూడబోతే అట్టుకెల్లమా?"

ఆయన డబ్బా మీది గుడ్డ ముడతలు రెండు చేతులతో సాపు చేశాడు. ముప్పయ్యేళ్ళు రైళ్ళని దారి మళ్ళించిన చేతులు. నేను లోపలికి నడిచాను.

నాయకుడు ఎంత మంచి మాటకారో! డబ్బా తెరిపించి, ఒక పలుకు తాను నోట్లో వేసుకుని, గుప్పెడు నాకు పెట్టాడు. మావయ్య చీటీ మీద నిల్చున్నపాటునే సంతకం చేశాడు. తరవాత నా ప్రశ్నలన్నిటికీ హిందీలో ఓపిగ్గా జవాబు చెప్పాడు: ఈ వార్డులో లంచమన్న మాటే లేదట, ఎవరినైనా అడుక్కోవచ్చట. జీడిపప్పు నములుతూ ఆ మాటలన్నీ రాసుకున్నాను.

సాయంత్రం ఏటి గట్టున మావయ్య మెల్లగా అడిగాడు.

"రాత్తావేటల్లుడూ?"

"ఏం చెయ్యమంటావు?"

"రాయొద్దని నానననులే. నీ సదువు నీది. కానైతే ఆ సీటీ రద్దయితే మీ అత్త ఏ గట్టునుంతాది?"

మర్నాడు పన్నెండుకి స్టేషన్లో మావయ్య పులిహోర పొట్లం ఇచ్చి, రైలు కదిలేదాకా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే బావుండునని నాకే అనిపించింది.

ఖరగ్‌పూర్‌లో మద్రాసు మెయిలు ఎక్కి, పొద్దున్న బరంపురం దాటాక ఒక ఖాళీ ప్రశ్నపత్రం తీశాను. లంచం దొరకని ఊరు కాదది. దొరికింది. అందరూ నాకు టీ ఇచ్చినంత మామూలుగా దొరికింది. నేరస్థుణ్ణి వెతుక్కుంటూ వెళితే నా సొంతవాళ్ళే కనిపించారు, అద్దంలో నేను కూడా.

పేరు దగ్గర నా పేరు రాశాను. 'లంచమిచ్చారా?' ఔను. 'ఎవరి పని కోసం? ఎక్కడ?' అన్న రెండు గడులూ ఖాళీగా వదిలేశాను. ప్రొఫెసరుగారు కొట్టేస్తే కొట్టేయనీ.

కింద చివరి ప్రశ్న ఒకటి మిగిలింది. నేనే తయారుచేసి, నేనే అచ్చువేయించిన ప్రశ్న: 'అవసరమొస్తే మళ్ళీ ఇస్తారా?' పలాస వచ్చేదాకా కలం పట్టుకుని కూర్చున్నాను. బండి కదిలాక, అక్షరాలు ఊగుతూండగా, ఔనని రాశాను.