కొలత తీసుకోని అంగి

మస్కట్‌ల మేం ముగ్గురం ఒక్క రూంల పద్నాలుగేండ్లు ఉన్నం. ముగ్గురం దర్జీలమే. అందరిల నేను పెద్దోన్ని. ఒకడు మా నేతపని సాలోల్లల్ల పుట్టినోడే, సిరిసిల్లోడు, నన్ను అన్నా అనెటోడు, నేను తమ్మీ అనెటోన్ని. ఇంకొకాయన మల్లేపల్లి సాయబు. ఆయన మా ఇద్దరికీ భాయ్.

ఆడ మందు దొరకదని కాదు. మా అసుంటోళ్లు దొంగతనంగ తాగాలె, భయపడుకుంట తాగాలె. శుక్రవారం సెలవునాడు పండుకొని ఒకటే ముచ్చట. ఎప్పుడన్న ముగ్గురం హైదరాబాద్‌ల కలిస్తే అమీర్‌పేట కాడ మొదలువెట్టి పంజాగుట్ట దాక నడుసుకుంట పోవాలె, దారిల కనవడ్డ ప్రతి బార్ల ఒక్కొక్క పెగ్గు తాగాలె. భాయ్ మందు ముట్టడు. "నేను సోడా తాగుత. ఆఖరికి మిమ్ములను మోసేటోడు ఒకడు ఉండాలె గద" అనెటోడు.

కండ్లు మసకైతున్నయని నేను ముందుగాల వచ్చేసిన. అమీర్‌పేటల హాస్టళ్ల గల్లీల చిన్న దుకాణం పెట్టిన. కోచింగు పిల్లలు ప్యాంట్లు కురుచ చేయించుకుంటరు, తెగిన జిప్పులు ఏయించుకుంటరు. అట్ల నడుస్తుంటే ఒక యేడు వాళ్లిద్దరికీ ఒక్కటే నెలల సెలవు దొరికింది. తమ్మి ఫోన్ చేసిండు. "అన్నా, ఆ రాత్రికి నాకు కొత్త అంగి కుట్టి పెట్టు. నీ చేతిది ఏసుకోక శానా రోజులైంది."

కొలత ఇయ్యడానికి రమ్మని నేను అనలే. ఎందుకంటే నాకు అక్షరాలు వచ్చింది యాభై అయిదు దాటినంక, ఈడికి వచ్చినంక. అంతకుముందు కొలతలు రాసుకునుడు రాదు. కాయితం పట్టీ మీద కత్తెరతోని గాట్లు పెట్టుకునేది. దగ్గరోళ్లయితే నెత్తిలనే ఉండేటియి. తమ్మిది కాలర్ పదిహేనున్నర, ఛాతీ నలభై, భుజం పద్దెనిమిది. నిద్రల లేపి అడిగినా చెప్త. నీలి గుడ్డ తెచ్చి గదే లెక్కకు కోసిన, కుట్టిన, ఇస్త్రీ చేసి పెట్టిన.

ఆ సాయంత్రం దుకాణంలనే ఏసుకున్నడు. భుజం కుట్టు చెయ్యి మీదికి జారింది. కాలర్‌ల నాలుగు వేళ్లు పడుతున్నయి. భాయ్ చుట్టూ తిరిగి సూసిండు.

"అన్నా, ఇది అంగియా, టెంటా? పెండ్లిళ్లకు కిరాయికియ్యొచ్చు."

"ఈయన ముసలోడైండు భాయ్" అన్నడు తమ్మి. "కండ్లు పోయినయి, ఇప్పుడు చెయ్యి సుత పోయింది."

నేను సుత నవ్విన. నా చెయ్యి పోలేదని నాకు తెలుసు. సెలవుకు వచ్చి పది రోజులైంది, ఇంటి తిండి తిన్నడు, అయినా మెడ కింద బొక్కలు పొడుసుకొచ్చి ఉన్నయి. దర్జీకి మనిషి మొఖం కంటే ముందు భుజం కనవడ్తది. ఏమైందిరా అని గప్పుడే అడగాల్సి ఉండె. అడగలే.

మొదటి బారు మెట్రో స్తంభాల పక్క సందుల, మెట్లెక్కి పోవాలె. అంతా కోచింగు పోరగాండ్లే. పక్క టేబులు పిల్లగాడు, మాటను బట్టి గుంటూరు దిక్కోడు, అడిగిండు. "ఏంటి అంకుల్, పాత బ్యాచా? ఏ కోర్సండి?"

"కాజాలు, గుండీల కోర్సు" అన్నడు తమ్మి. "ముగ్గురం పాసైనం. ఫారిన్ జాబు."

ఆ టేబులంతా నవ్వింది. వాడట్లనే, యాడ కూసున్నా నలుగురిని నవ్వించెటోడు. మటన్ తెప్పిస్తే రెండు ముక్కలు తిని పళ్లెం భాయ్ దిక్కు జరిపిండు. ఒకప్పుడు నా పళ్లెంలది గుంజుకొని తినెటోడు. రెండో బార్ల పల్లీలు సుత ముట్టలే. పెగ్గు మాత్రం వదల్లే. ఆడికెల్లి నడుస్తుంటే మూసిన బట్టల షోరూం మెట్ల మీద కూసున్నడు, కడుపు పట్టుకొని.

"గ్యాసు" అన్నడు. "ఆడ రోజూ ఎండు రొట్టెలు తింటే ఇంతే."

"ఇంటికి పోదాం పా" అన్నడు భాయ్.

"ఇన్నేండ్లు అనుకొని సగంల పోతరా? ఇంకొక్కటి. పంజాగుట్ట కనవడుతనే ఉంది."

ఆఖరి బార్ల లైట్లు సగం తీసేసిండ్రు. భాయ్ ఆటో మాట్లాడొస్తనని కిందికి పోయిండు. మేమిద్దరమే ఉన్నం. తమ్మి గిలాస పక్కకు పెట్టి, అంగి కొసలు రెండు చేతులతోని పట్టుకొని నా దిక్కు సూసిండు. ఇంతసేపు నవ్విన మొఖం కాదది.

"అన్నా, నీకు అబద్ధం రాదు. నిజం చెప్పు. అంగి పెద్దగైందా, నేను చిన్నగైనానా?"

నేను నా గిలాసల నీళ్లు పోసుకున్న.

"ఎల్లుండి ఫ్లైటు. నువ్వు చెప్తే టికెట్ మార్చుకుంట. పెద్ద దవాఖానల సూపించుకుంట. నాకు జర భయమైతుంది."

మొఖం మీద అనేటోడని నన్ను అందరంటరు. పెండ్లిపిల్ల తండ్రికి నీ గుడ్డ నాసిరకమని చెప్పినోన్ని. షేకుకు నీ పొట్ట పెరిగిందని చెప్పి పని పోగొట్టుకోబోయినోన్ని. ఆ రాత్రి నా నోట్లెకెల్లి వచ్చిన మాట ఇది. "నా కత్తెర తప్పిందిరా. కండ్లు అవుపడ్తలేవు. రేపు తేపో, చిన్నగ చేసిస్త."

ఎందుకన్ననో ఇన్ని రోజులు ఆలోచించిన. తాగి ఉంటి, అది ఒకటి. వాని రాత్రి పాడు చేయొద్దనుకున్న, అది ఒకటి. అసలుది వేరే. వాడు భయపడుతుంటే నేను సూడలేకపోయిన. వాని కోసం కాదు, నా కోసం అన్న. వాడు పెద్దగ ఊపిరి ఇడిసి నవ్విండు. "నేను అదే అనుకున్న. ముసలోనివైనవన్నా" అని మిగిలింది ఒక్క గుక్కల తాగిండు. తెల్లారి అంగి తేలే. మూడోనాడు విమానం ఎక్కిండు.

నాలుగు నెలలకు మస్కట్ దుకాణంల మిషను మీదనే పడిపోయిండు. కడుపుల గడ్డ. సెలవుకు పోయినప్పుడన్న సూపించుకోవల్సి ఉండెనని ఆడి డాక్టరు భాయ్‌తోని అన్నడంట. పదకొండు రోజులు దవాఖానల ఉండి పానం ఇడిసిండు. శంషాబాద్‌ల శవం డబ్బ విమానం దిగినంక దాని ఎంబడి సిరిసిల్ల దాక నేనే పోయిన. వాని భార్య నన్ను ఏం అడగలే. ఆమెకేం తెల్సు.

కర్మకాండ అయిపోయినంక భాయ్ మస్కట్‌కెల్లి ఫోన్ చేసిండు.

"అన్నా, సచ్ బోలో. ఆ రాత్రి నీకు తెల్సు గద?"

"తెల్సు భాయ్."

"నాకు సుత తెల్సు. నేనూ దర్జీనే గద. నువ్వు చెప్తవనుకున్న. ఎప్పుడైనా చెప్పేటోనివి నువ్వే కదా అని ఊకున్న."

ఆయన ఫోన్ పెట్టలే. అవతల దుకాణంల మిషను నడుస్తున్న చప్పుడు ఇనవడుతుంది. తమ్మి జాగల ఎవరో కొత్తోడు కూసున్నట్టుంది.