చిక్కటి నెత్తురు

కాకినాడలో సర్కారు లాబొరేటరీలో చంద్రరావు గారిది చిన్న ఉద్యోగమే గానీ, చేతిలో పెద్ద విద్య ఉండేది. కంటికి ఆనని ప్లాస్టిక్ రేణువులకు మనిషి నెత్తురు ఎక్కించిన కుందేలు నెత్తురు నుంచి తీసిన మందు పట్టించి, పాలలాంటి తెల్లటి నీళ్ళు తయారుచేశారు. గాజుపలక మీద ఆ నీళ్ళొక చుక్క, మరక నానబెట్టిన నీళ్ళొక చుక్క వేసి పుల్లతో కలపడమే. మరక మనిషిదైతే రెండు నిమిషాల్లో విరిగిన పాలలా పలుకులు కడుతుంది. మేకదైతే, కోడిదైతే కట్టదు. అది సరిచూసుకోడానికి మాంసం కొట్టు గంగరాజు దగ్గరికి రోజూ సీసా పట్టుకెళ్ళేవారు.

"నెత్తురొక్కటే ఏం తింటారండీ, ఓ అరకిలో కూడా కొట్టించుకోండి!" అనేవాడు గంగరాజు.

తొంభై ఏడులో మొగల్తూరు వైపు నుంచి ఒక తుండుగుడ్డ వచ్చింది. రొయ్యల చెరువు కాపలాకి వెళ్ళిన తాతాజీ అనే అతను తిరిగి రాలేదు. శవం దొరకలేదు. చెరువులో వాటాదారు అబ్బులు పాకలో నెత్తురుతో అట్టకట్టిన ఈ గుడ్డ పోలీసులకు దొరికింది. జాతరకి వేటపోతును కోసిన నెత్తురన్నాడు అబ్బులు. అది మనిషి నెత్తురని తేలితేనే తాతాజీ పోయినట్టు. లేకపోతే ఊరొదిలి పోయినట్టు.

చంద్రరావు గారు పాడి ఇంట పుట్టినవారు. పాలు చిక్కనైతేనే పెరుగు గట్టిగా తోడుకుంటుందని వింటూ పెరిగారు. గుడ్డను కాసిని నీళ్ళలోనే చిక్కగా నానబెట్టారు. పలుకు కట్టలేదు. మనిషిది కాదని రాసి సంతకం పెట్టారు. స్టేషన్లో ఉన్న అబ్బులు ఇంటికొచ్చేశాడు.

ఏడాది తిరిగాక ఒకరోజు ఆయన వేలు తెగింది. కారే నెత్తురును ఊరికే పలక మీద వేసి చూశారు. పాలు పాలలాగే ఉన్నాయి! నూరు పాళ్ళు నీళ్ళు కలిపి వేస్తే ఇట్టే విరిగింది. మనిషి నెత్తురును మధ్యన పెట్టుకుని రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటేనే పలుకు కడుతుంది. నెత్తురు మరీ ఎక్కువైతే ప్రతి రేణువుకీ చేతులు నిండిపోతాయి. పక్కదాన్ని పట్టుకోడానికి చెయ్యి ఖాళీ ఉండదు. ఇన్నాళ్ళూ పల్చటి మరకలే చూశారు గనక తెలియలేదు.

దాచిన గుడ్డముక్క తీసి, పల్చగా నానబెట్టి మూడుసార్లు చేశారు. మూడుసార్లూ విరిగింది.

"మూసేసిన ఫైలండీ. మీ సంతకం తప్పని మీరే రాస్తారా?" అన్నాడు పై అధికారి.

"రాస్తానండి."

రాశారు. అబ్బులు అప్పటికే వాటా అమ్ముకుని ఎటో పోయాడు. చంద్రరావు గారు తాతాజీ తల్లి పాపాయి గుమ్మం ముందు నిలబడ్డారు.

"పొరపాటు నాదమ్మా. అది మనిషి నెత్తురే. ఎవరిదో మాత్రం నా పరీక్ష చెప్పదు."

"నాకు తెలుసు బాబూ. ఏడాది నుంచీ మొత్తుకుంటున్నాను. 'నీ కొడుకు ఏ బొంబాయిలోనో కులాసాగా ఉన్నాడు, బతికున్నోడికి పిండమేంటే' అన్నారు. కర్మ చేయించడానికి పంతులు గారు కూడా రాలేదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ గుడ్డ ఇవ్వండి. దాన్నే కొడుకనుకుని గోదాట్లో కలుపుకుంటాను."

"గుడ్డ స్టేషనుకి పోయిందమ్మా. అందులో నెత్తురంతా పరీక్షలకే దిగిపోయింది. పలకలు నేనే కుళాయి కింద కడిగేశాను."



"ఆ నీళ్ళెక్కడ కలుస్తాయి బాబూ?"

"ఉప్పుటేట్లో."

అమావాస్యనాడు పాపాయి నువ్వులూ బియ్యప్పిండీ మూటగట్టుకుని కాకినాడ బస్సు దిగింది. ఊరి మురుగు ఉప్పుటేట్లో పడేచోటికి ఏ పంతులూ రానన్నాడు. చంద్రరావు గారే పంచె ఎగగట్టి, మోకాటి లోతు బురదలో దిగి, ఆవిడకి చెయ్యందించారు.