మూడో చరణం ముందు

నాన్న మణికట్టు ఇక డ్రమ్ములు వాయించడానికి పనికిరాదని డాక్టరు తేల్చేశాక, యాంగోన్‌లో పజుండౌంగ్ పేటలోని మా తెలుగు చర్చిలో ఆయన స్టూలు ఎవరికివ్వాలన్న మాట వచ్చింది. ఇవ్వడానికి ఎవరూ లేరు. మా ఈడువాళ్లందరికీ గిటారు మీదే మోజు. నాన్న ముప్ఫయ్యేళ్లు ఒక్క ఆదివారం తప్పకుండా వాయించాడు. "పోనీ, రికార్డు చేసి పెడితే స్పీకర్లో వేసుకుందాం" అన్నారు పెద్దలు. నాన్న సరేనన్నాడు. ఆయన సరేనన్న తీరు చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. ఆ పని నేనే చేస్తానని, ఇంకెవరూ చెయ్యి పెట్టొద్దని గట్టిగా చెప్పేశాను.

డ్రమ్ములు ఏటి అవతల తాకేటా పేటలో మా ఇంటి మేడగదికి చేరాయి. పదడుగుల గది. కాలితో వాయించే పెద్ద కిక్ డ్రమ్ము పెట్టేసరికి నా మంచం ఎత్తి గోడకి నిలబెట్టాల్సి వచ్చింది. గోడలకి దుప్పట్లు, తలుపుకి అమ్మ కట్టి వదిలేసిన పాత లోంజీలు, కిటికీకి అడ్డంగా బియ్యం బస్తాలు. స్టాండు చాలక ఒక మైకుని చీపురుకర్రకి కట్టాను.

మొదటి రోజు కరెంటు రాగానే మొదలుపెట్టాను. అదెంత తెలివితక్కువ పనో, యాంగోన్‌లో పుట్టి పెరిగి కూడా నాకు తట్టలేదు. కరెంటు వస్తే ఇంటింటా నీళ్ల మోటారు వేస్తారు. నాన్న వాయించిన పాటల వెనక మా వీధి వీధంతా గుర్రుమంటూ వినిపించింది. మర్నాటి నుంచి కరెంటు ఎప్పుడు పోతుందా అని కాచుకుని, బ్యాటరీ మీద పని కానిచ్చాం. ఫ్యాను తిరగదు కాబట్టి రెండు పాటలకే నాన్న బనీను తడిసి ముద్దయ్యేది. మణికట్టుకి కాపడం పెట్టాక మూడో పాట.

చర్చివాళ్లు అడిగిన ఆరు పాటలూ అయ్యాక కూర్చుని విన్నాను. ప్రతి పాటలోనూ సరిగ్గా ఒకే చోట, మూడో చరణం ముందు, నాన్న చెయ్యి నెమ్మదించింది. నొప్పి వల్లనుకున్నాను. పాపం అనిపించింది. ఆయనతో ఏమీ అనకుండా, రెండు రోజులు కూర్చుని, కంప్యూటర్లో ఒక్కొక్క దెబ్బనే జరిపి అంతా గీత గీసినట్టు సరిచేశాను. చేసిన పనికి కాస్త గర్వపడ్డాను కూడా.

నాన్న హెడ్‌ఫోన్లు పెట్టుకుని చివరిదాకా విన్నాడు.

"బాగుంది. ఎవులు వాయించీరు?" అన్నాడు.

"నువ్వే నాన్నా."

"నాను కాదమ్మా. మూడో సరణం కాడ మామ్మల్ని ఊపిరి తీసుకోనివ్వవేటి?"

అప్పుడు చెప్పాడు. ముందు బల్లలో కూర్చునే మామ్మలకి రెండు చరణాలు పాడేసరికి ఆయాసం వస్తుందట. వాళ్ల భుజాలు ఎగసిపడడం చూసి ఈయన చెయ్యి తగ్గిస్తాడట. ఏళ్లు గడిచేకొద్దీ ఇంకాస్త, ఇంకాస్త తగ్గించుకుంటూ వచ్చాడట. ఆ సంగతి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. నా చెవులు సిగ్గుతో వేడెక్కాయి. ముందు రికార్డు చేసినవి కంప్యూటర్లోనే ఉండబట్టి బతికిపోయాను. నేను సరిచేసినవన్నీ తుడిచేసి, ఆయన వాయించింది వాయించినట్టే చర్చికి ఇచ్చాను.

ఆదివారం స్పీకర్లోంచి డ్రమ్ములు మొదలయ్యాయి. నాన్న మొదటిసారి ముందు బల్లలో, అందరికన్నా పెద్ద మామ్మకీ నాకూ మధ్య కూర్చున్నాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక పాటల పుస్తకం కింద దాచుకున్నాడు. ఆయన్నలా చూడడం నాకు కష్టంగా ఉంది. మూడో చరణం ముందు దెబ్బ నెమ్మదించింది. బల్లంతా ఊపిరి పీల్చుకుని మళ్లీ అందుకుంది.

పాట అయిపోయాక మామ్మ నాన్న వైపు వంగింది. ఆవిడకి చెవుడు, గుసగుసలాడినా నాకు స్పష్టంగా వినబడింది.

"నీ సెయ్యి సంగతి మాకెప్పుడో తెలుసురా బాబూ. మూడో సరణం కాడికి అలిసిపోయీవోడివి కదా. నీ కోసరమే మేవందరం నిమ్మళంగా పాడీవోలం."

నేను నోరు తెరిచాను. నాన్న పుస్తకం కింద నుంచి చెయ్యి తీసి నా చెయ్యి నొక్కిపట్టుకున్నాడు.

"అవునత్తా," అన్నాడు. "మీరు ఆగబట్టే ఇన్నాళ్లు వాయించగలిగేను."