లక్ష్మణమ్మ ముక్కు

రాజాం దగ్గర వాము నూనె తీసే యూనిట్లో లక్ష్మణమ్మది పద్దెనిమిదేళ్ల పని. ఆవిరికి ఉడికిన వాము నుంచి దిగిన నూనె డ్రమ్ముల్లోకి చేరాక, మూత తీసి వాసన చూసి మంచీ చెడ్డా చెప్పేది. తాజా నూనె ముక్కుపుటాలు అదరగొడుతుంది. గాలి తగిలి పాతబడితే అందులో సైమీన్ అనే పదార్థం పెరిగి, ఘాటు వెనకాల కిరసనాయిలు లాంటి వాసన లీలగా తగులుతుంది. విశాఖ ల్యాబు రెండు రోజులకు తేల్చేదాన్ని ఆమె అక్కడికక్కడే చెప్పేసేది.

మొన్న వానాకాలంలో జ్వరమొచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసనను కూడా పట్టుకుపోయింది.

ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కాలు నిలిచేది కాదు. ఎండుచేపల బుట్టలో తల దూర్చేది. అగ్గిపుల్ల ఆర్పి ముక్కు కింద పెట్టుకునేది. ఊహూఁ.

ఓ పొద్దున్న యజమాని యుగంధర్ అడిగాడు: "లక్ష్మణమ్మా, ఈ మూడు డ్రమ్ములూ పంపించేయొచ్చా?"

రంగు చూసి, "బాగున్నాయి బాబూ," అనేసింది.

మధ్యాహ్నం అన్నం సహించలేదు. అక్కడే సంచులు కుట్టే కోడలు దుర్గ, "ఏటత్తా, అన్నం అలా కెలకతన్నావు?" అంది. బయట లారీ స్టార్టయిన చప్పుడు వినపడగానే చెయ్యి కడగకుండానే పరుగెత్తింది.

"బాబూ, ఆపీండి! నాకు వాసన తెలవటం నేదు. ఇరవై రోజులై తెలవటం నేదు!"

"మరిన్నాళ్లూ ఏటి సూసి సెప్పినావు?" యుగంధర్ అరిచాడు. డ్రమ్ములు దింపించి, శాంపిళ్లు ల్యాబుకు పంపాడు. ఒకదాంట్లో సైమీన్ మితిమీరి ఉంది. నిరుటి నూనె అడుగుబొడుగు ఎవరో అందులో కలిపేశారు.

ఆమెను పనిలోంచి తీసెయ్యలేదు. "దుర్గకి నేర్పు," అన్నాడంతే.

తనకు తెలియని వాసన ఇంకొకరికి ఎలా నేర్పడం? పాత నూనె, కొత్త నూనె రెండు సీసాల్లో పోసి మార్చి మార్చి ఇచ్చేది. "ముందు ఘాటొస్తాది. అది పోనీ. ఆ ఎనక ఏటొస్తన్నాదో సూడు." దుర్గ తప్పు చెబితే కసిరేది, ఒప్పు చెబితే నమ్మలేక మళ్లీ వాసన చూపించేది. తనూ ఆ సీసా తీసుకుని గట్టిగా పీల్చి, వెంటనే పక్కన పెట్టేసేది.

దసరా ముందు దుర్గ ఒక డ్రమ్ము వద్దంది. ల్యాబు అదే మాట చెప్పింది. ఆ రోజు నుంచి యుగంధర్ నేరుగా దుర్గనే అడగడం మొదలెట్టాడు. పక్కనే నిలబడ్డ లక్ష్మణమ్మ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక, దుర్గ వదిలేసిన సూదీ దారం తీసుకుని సంచి కుట్టడానికి కూర్చుంది.