అంబుయా ఏడు చెట్లు

శేషుకుమారి కాకినాడలో పుట్టి, జింబాబ్వేలో పన్నెండేళ్లు వృక్షశాస్త్రం చెప్పి, భర్త పోయాక కూతురు అపూర్వతో సిడ్నీ చేరిన మనిషి. అక్కడ కెల్లీవిల్ పేటలో ఆవిడ ఇంటికి భోజనానికి వెళ్లినవాళ్లెవరూ మొక్కల సంగతి వినకుండా బయటపడలేదు. చారులో కరివేపాకు దగ్గర మొదలెట్టినా సరే, మాట చివరికి ఆఫ్రికా కొండలెక్కాల్సిందే. ఎవరైనా ఆవులిస్తే, "ఏం, మూడో పీరియడా?" అని దెప్పేది.

ఆ కొండల్లో ఆవిడకు ఒక గురువు ఉండేది. ఊరంతా అంబుయా అని పిలిచేవారు, అంటే అమ్మమ్మ అని. అక్షరం ముక్క రాని నాటు వైద్యురాలు. ఆరేళ్ల అపూర్వకు దగ్గు పట్టి, నెల రోజులు ఆస్పత్రి మందులకు లొంగనప్పుడు, మిరియంలా ఘాటుగా ఉండే ఒక బెరడు కషాయం కాచి పోసి పిల్లను నిలబెట్టింది ఆవిడే.

ఆ జాతి చెట్లు అక్కడ ఒకప్పుడు గుంపులు గుంపులుగా ఉండేవట. మందుల వర్తకులు బెరడు చుట్టూ ఒలుచుకుపోగా ఎండి చచ్చి ఏడు మిగిలాయి. అంబుయా పద్ధతి వేరు. పొద్దుటెండ పడే వైపు అరచేతి వెడల్పు ముక్క తీసేది, గాయానికి తడిమట్టి మెత్తేది, అది మానేదాకా ఆ చెట్టు జోలికి వెళ్లేది కాదు. శేషుకుమారిని అక్కడికి తీసుకెళ్లిన రోజున మాట తీసుకుంది.

"మందు రాసుకో కుమారీ. దారి రాసుకోకు."

సరేనంది శేషుకుమారి. ఇంటికొచ్చి రాసుకుంది. ఎక్కడ దొరికిందో రాయని నమూనా చెత్తబుట్టకే పనికొస్తుందని ఏళ్ల తరబడి పిల్లలకు నూరిపోసిన మేష్టరమ్మ మరి! వాగు, నల్లబండ, మిషన్ బడి నుంచి ఎన్ని అడుగులో, అన్నీ పెన్సిలుతో పటం గీసుకుంది. నా కోసమే కదా, ఎవరు చూడొచ్చారు అనుకుంది.

1999 వచ్చింది. వైటూకే పుణ్యమా అని కంప్యూటర్ తెలిసినవాళ్ల కాళ్లు నేల మీద ఆనని రోజులు. అపూర్వకు డిగ్రీ చేతికి రాకముందే ఉద్యోగం వచ్చింది. నవంబర్లో తల్లి యాభై అయిదో పుట్టినరోజుకు ఆ పిల్ల చడీచప్పుడు లేకుండా నోటు పుస్తకాలన్నీ స్కాన్ చేసి వెబ్‌సైట్ కట్టింది.

"హ్యాపీ బర్త్‌డే అమ్మా! నీ నోట్‌బుక్సన్నీ నెట్‌లో పెట్టేశా. వరల్డ్‌లో ఎవరైనా చదవొచ్చు, జస్ట్ ఇమాజిన్!"

శేషుకుమారి ముఖం చేటంత అయింది. ఒక్కో పేజీ చూసుకుంటూ వెళ్లింది. నడిమధ్యలో ఆ పటం కనిపించి గుండె ఝల్లుమంది. ఇదొక్కటి తీసెయ్యమ్మా అనే మాట నోటిదాకా వచ్చింది. కానీ పటం కింద తన పేరు ఎంత ముచ్చటగా ఉందో! రేపు చెబుదాంలే అనుకుంది. మర్నాడు జర్మనీ నుంచి ఎవరో ప్రొఫెసర్ మెచ్చుకుంటూ ఈమెయిల్ పంపాడు. ఆదివారం తెలుగువాళ్ల బార్బెక్యూలో శ్రీపతి గారు, "మన శేషుకుమారి గారు ఇంటర్నెట్టెక్కేశారండోయ్!" అని అందరికీ చాటారు. పొగడ్త ఎవరికి చేదు? ఏడు నెలలు గడిచాయి. మరిచిపోయి కాదు, ఆవిడ చెప్పలేదంతే.

జూన్‌లో, సిడ్నీలో చలి ముదిరిన వారంలో, అంబుయా మనవరాలు రూడో దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. రూడో ఆ ఊళ్లోనే టీచరు.

"ఎవరో లారీ వేసుకుని వచ్చారు. దారి కూడా అడగలేదు, చేతిలో ప్రింటు తీసిన పటం ఉంది. ఏడు చెట్లనూ మొదలు నుంచి కొమ్మలదాకా చుట్టూ ఒలిచేశారు. అంబుయా వారం పాటు మట్టి మెత్తుతూనే ఉంది. ఒక్కటీ బతకలేదు. వాళ్లు పారేసిన కాగితం నాకు దొరికింది. అది ఎవరి చేతిరాతో నేను అంబుయాకు చెప్పలేదు. ఆవిడ మాత్రం రోజూ నన్ను పోరుతోంది. మా కుమారి చదువుకున్నది, దాని దగ్గర కంప్యూటర్ ఉంది, ఇలాంటి చెట్టు ఈ కొండల్లో ఇంకెక్కడైనా ఉందేమో వెతికిపెట్టమని రాయి అంటోంది."

శేషుకుమారి ఉత్తరం కూతురి చేతిలో పెట్టి, "వెతుకు" అంది. అపూర్వ వెతికింది. లాటిన్ పేర్లతో నాలుగు పేజీలు వచ్చాయి. ఆ కొండల్లో చెట్టు ఫలానా చోట ఉందని చెప్పే పేజీ ఒక్కటే వచ్చింది.

"అమ్మా... ఇది మనదే."

"తీసెయ్."

అపూర్వ ఏదో నొక్కింది. "అయిపోయింది."

"ఇంతేనా? ఇంతసేపే పడుతుందా?"

"అంతే. వన్ మినిట్ కూడా పట్టదు." అపూర్వ కళ్లనిండా నీళ్లు. "సారీ అమ్మా. ఇట్స్ ఆల్ మై ఫాల్ట్. ఆ మ్యాప్ పెట్టకూడదని నాకు తెలీదు."

కూతురు అలా తల దించుకోవడం చూసి శేషుకుమారికి దుఃఖం ఆగలేదు. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"నీ తప్పు కాదే తల్లీ. నాకు తెలుసు. నీ పక్కన కూర్చుని చూశానే, ఆ పుట్టినరోజు నాడే చూశాను."